తోడు చక్రం

ఫిబ్రవరి 12, 2008, మంగళవారం. వట్లూరు

అసహ్యం. ఈ మాటతో మొదలుపెట్టకపోతే ఈ రోజు గురించి అబద్ధం రాసినట్టే.

మా అల్లుడు నెల్సన్ కాళ్ళు గీసుకున్నాడు. గడ్డం కాదు, కాళ్ళు. పిక్కల నుంచి తొడల దాకా ఒక్క వెంట్రుక లేదు. సైకిల్ పందెం తొక్కేవాళ్ళంతా అలాగే గీసుకుంటారట. పడి చర్మం లేస్తే కట్టు కట్టడానికి వీలట, మాలిష్‌కి వీలట. దెలీలా అంతటిది కూడా సమ్సోను తలే గీయించింది గానీ కాళ్ళ జోలికి పోలేదన్నాను. నా కూతురు మెర్సీ నవ్వింది.

"వెంట్రుకలే గదా నాన్నా, మళ్ళీ మొలుస్తాయిలే."

"సమ్సోనుకీ మొలిచాయి. ఈలోగా కళ్ళు పోయాయి."

రేపటి నుంచి ఐదు రోజుల పందెం. ఏలూరులో బయల్దేరి తాడేపల్లిగూడెం, నల్లజర్ల మీదుగా జంగారెడ్డిగూడెం. తర్వాత రంపచోడవరం, నర్సీపట్నం, పాడేరు. ఆఖరి రోజు అనంతగిరి ఘాటు ఎక్కి అరకు. ఐదు రోజుల టైమూ కలిపి ఎవరికి తక్కువైతే వాడు మొదటివాడు. ఏ రోజుకారోజు మొత్తం టైములో ముందున్నవాడికి పసుపు చొక్కా. కంపెనీలు జీతాలిచ్చి తొక్కించే టీములు పద్నాలుగు. నెల్సన్‌ది చేపల మేత కంపెనీ టీము. వీపు మీద చేప బొమ్మ. తొలి క్రైస్తవుల సంఘానికి చేపే గుర్తుగా ఉండేదని సరిపెట్టుకున్నాను.

నేను టీము మెకానిక్కుగా వెళ్తున్నాను. ముప్పై ఏళ్ళుగా సైకిల్ షాపు నాది, సాయంత్రాలు సువార్త. మిషన్ చర్చి పాస్టరు గారు చాటున నన్ను సైకిల్ బోధకుడు అంటారని తెలుసు. ఆయన సెమినరీలో చదివారు. నేను ట్యూబులు అతికిస్తూ చదివాను. బైబిలు అరవై ఆరు పుస్తకాల్లోనూ నా బొటనవేలి గ్రీజు మరక ఉంది.

మొన్న శుక్రవారం కొల్లేరు లంకలో ఉపవాస కూటం. మైకు ముందు చెప్పాను: నెల్సన్ కొండ మీద పసుపు చొక్కాతో నిలబడి ఉండగా ప్రభువు నాకు చూపించాడు అని. జనం లేచి నిలబడ్డారు. మణెమ్మ గారైతే ముందుకే వచ్చేశారు.

"పందెం మొదలైన పొద్దు నించి బాబు గెలిచేదాకా అన్నం ముట్టనండి అయ్యగారూ."

డెబ్బై ఏళ్ళ మనిషి. షుగరు. లంకలో మొట్టమొదట నా మాట విన్నది ఆవిడే. వద్దని అనబోయాను. అంటే నా మాట మీద నాకే నమ్మకం లేనట్టు ఉంటుందని ఊరుకున్నాను.

చూపించాడు. పసుపు రంగు బాగా కనిపించింది.

ఫిబ్రవరి 13, బుధవారం. జంగారెడ్డిగూడెం

పొద్దున్నే సైకిళ్ళకి బొట్లు, కొబ్బరికాయలు, చక్రాల కింద నిమ్మకాయలు. నెల్సన్ చక్రం కింది నిమ్మకాయ తీసి కాలవలో పారేశాను. టీము మేనేజరు తాతాజీ గారు చూశారు.

"అయ్యో ఏసోబు గారూ, పారేశారా? సోడాలో పిండుకునేవాళ్ళం కదండీ!"

అందరూ నవ్వారు. నవ్వనీ. ఎలీషాని చూసి కూడా నవ్వారు. నవ్విన పిల్లల మీదికి ఎలుగుబంట్లు వచ్చాయి.

రోజంతా జీపులో తాతాజీ గారి పక్కన కూర్చున్నాను. చూడకూడనివన్నీ చూశాను. సైకిల్ దిగకుండా పక్కకి ఒరిగి మూత్రం పోస్తున్నారు. నోట్లో పిండుకున్న తీపి జిగురు ప్యాకెట్లు వరి చేలల్లోకి విసురుతున్నారు. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు. ఆదాము ఆకులే నయం.

అన్నిటికంటే చూడలేనిది ఇది. నల్లజర్ల దాటాక నెల్సన్ వెనక్కి పడి జీపు దగ్గరికొచ్చాడు. తాతాజీ గారు ఆరు నీళ్ళ సీసాలు ఇచ్చారు. వీపున చొక్కాలో దోపుకుని, మెడ దగ్గర ఒకటి కుక్కుకుని, మళ్ళీ తొక్కుకుంటూ ముందుకెళ్ళి జయంత్‌కి అందించాడు. జయంత్ టీముకి నాయకుడు. తాడేపల్లిగూడెం కుర్రాడు, పెద్ద రైతుల ఇల్లు. మా అమ్మ అలాంటి వాళ్ళ అరుగు కింద దోసిలి పట్టి నిలబడి నీళ్ళు తాగింది. ఇప్పుడు ఆమె మనవడి వరసవాడు వాళ్ళకి నీళ్ళు మోస్తున్నాడు.

"మా అల్లుడు మీకు నీళ్ళు మోయడానికి చేరాడా?" అన్నాను.

"ఆయ్, అలా అనకండి. నెల్సన్ మావాడికి తోడు. వాడు గాలికి అడ్డంగా ముందు తొక్కుతాడు, జయంత్ వాడి చాటున బలం దాచుకుంటాడు. చివర్లో వీడు దూకుతాడు. తోడు లేకుండా ఎవడూ గెలవడండీ."

"గెలిచేది ఒకడేగా?"

"పాలు పెరుగవ్వాలంటే తోడు వెయ్యాలా వద్దా? ఎవరన్నా భోంచేసి, తోడు భలే ఉందండీ అంటారా? పెరుగు బాగుందంటారు."

దీనికి జవాబుగా ఒక వచనం ఉండాలి. వెతుకుతున్నాను.

ఫిబ్రవరి 14, గురువారం. రంపచోడవరం

మాలిష్ చేసేవాడు మధ్యాహ్నానికే తాగి పడిపోయాడు. పంపేశారు.

"ఏసోబు గారూ, మీరు నూనె రాసి ప్రార్థన చేస్తారంట గదా. ప్రార్థన తగ్గించి నూనె కాస్త ఎక్కువ రాయండి" అన్నారు తాతాజీ గారు.

మెర్సీ పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడగడం అన్యాచారమని మైకులో ఖండించినవాణ్ణి నేనే. ఈ సాయంత్రం గంటసేపు ఆ నున్నటి కాళ్ళు పట్టాను. తర్వాత జయంత్ కాళ్ళు కూడా. జయంత్ మొహమాటపడి లేచి కూర్చున్నాడు. "మీరెందుకండీ, పెద్దవారు" అన్నాడు. పడుకో బాబూ అన్నాను. మంచితనం నటించడం ఆ ఇళ్ళలో ఉగ్గుపాలతో నేర్పుతారు.

చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

ఫిబ్రవరి 15, శుక్రవారం. నర్సీపట్నం

మెర్సీ ఫోన్ చేసింది. మణెమ్మ గారు కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ తీసుకోవడం లేదట. నిన్న కళ్ళు తిరిగి గట్టు మీద కూర్చుండిపోయారట.

"నువ్వొక మాట చెబితే తింటుంది నాన్నా."

"విశ్వాసానికి అడ్డం రాకూడదమ్మా."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు స్పానర్లు తుడిచాను. అవి తుడిచే ఉన్నాయి.

ఫిబ్రవరి 16, శనివారం. పాడేరు

ఈ రోజు మొదటి పెద్ద కొండ, లంబసింగి ఘాటు. పొగమంచు. జీపులోంచి చూస్తున్నాను. ఒక్కొక్కడూ రాలిపోతున్నాడు, పక్వం కాని అంజూరపు కాయల్లాగ. చివరికి ముందు ఇద్దరే మిగిలారు, నెల్సన్, వాడి చక్రాన్ని అంటుకుని జయంత్. నెల్సన్ నోరు మూసుకుని ఊపిరి తీస్తున్నాడు. జయంత్ నోరు తెరిచి, నాలుక బయటపెట్టి. గుడ్డివాడికైనా తెలుస్తుంది ఎవడిలో బలముందో. పాడేరు గీత దగ్గర నెల్సన్ పక్కకి తప్పుకున్నాడు. తప్పుకున్నాడు! జయంత్ ముందు దాటాడు.

పసుపు చొక్కా జయంత్‌కి. నెల్సన్ రెండోవాడు. మొత్తం మీద తేడా ఇరవై రెండు సెకన్లు. ఒక పరలోక ప్రార్థన చెప్పుకునేంత సేపు కూడా కాదు.

వేదిక మీద కుర్రాళ్ళు సీసాలు ఊపి ఒకడి మీద ఒకడు నురగ చిమ్ముకున్నారు. కొండవాళ్ళ పిల్లలు ఆ నురగ కింద నోరు తెరిచి నిలబడ్డారు.

సాయంత్రం కాళ్ళు పడుతూ అడిగాను.

"రేపు జయంత్‌ని వదిలేసి వెళ్ళగలవా బాబూ?"

"వెళ్ళగలనండి."

"మరి?"

"మరేంటి మావయ్యా? నా పని అది కాదుగా."

"నీకు రోషం లేదా? వాళ్ళ ముందు తలొంచుకునే రోజులు పోవాలని నేను ముప్పై ఏళ్ళుగా గొంతు చించుకుంటుంటే..."

"నేను తలొంచుకుంది గాలికండీ. జయంత్ నా సీసాలో నోరుపెట్టి తాగుతాడు, నేను వాడి సీసాలో తాగుతాను. పోయిన ఏడు నేను పడితే వాడే ఆగాడు."

"ప్రభువు నాకు చూపించాడు నెల్సన్."

వాడు బోర్లా పడుకుని ఉన్నాడు. మొహం కనపడలేదు.

"నాకు చూపించలేదండీ మరి. కుడి పిక్క కొంచెం గట్టిగా పట్టండి."

మెర్సీ ఫోన్: మణెమ్మ గారిని ఆరెంపీ డాక్టరు చూశాడట, షుగరు బాగా పడిపోయిందన్నాడట. ఆవిడ తినకుండా మందు మాత్రం వేసుకుంటున్నారట. "ఇంకొక్క రోజేగా" అని నవ్వారట.

ఇంకొక్క రోజు.

ఫిబ్రవరి 17, ఆదివారం. ఉదయం

ప్రభువు దినాన పందెం. గ్రంథం తెరిస్తే యిర్మీయా ఇరవై మూడు వచ్చింది, అబద్ధ ప్రవక్తల అధ్యాయం. మూసేశాను.

టైర్లన్నీ చూశాను. జయంత్ ముందు టైరుకి పక్కన కోత ఉంది. చిటికెన వేలి గోరంత. నిన్నటి కంకర. ఇంత చిన్నదానికి టైరు మార్చాలా? రాయి ఆయనది, రోడ్డు ఆయనది. ఆయన చిత్తం ఉంటే ఆగుతుంది, లేకపోతే లేదు. నా చేతుల్లో ఏమీ లేదు.

అదే రోజు, సాయంత్రం. అరకు

పేలింది.

అనంతగిరి ఘాటు సగం ఎక్కాక. కాఫీ తోటల మధ్య ఏదో ఊళ్ళో రేకుల చర్చి, లోపల పాడుతున్నారు. నేను జీపులో రెంచి పట్టుకుని దాన్ని దాటిపోయాను. మలుపులో ఎదురొచ్చిన బస్సు మా జీపుకి అడ్డంగా ఇరుక్కుంది. పై మెలిక మీద నెల్సన్, జయంత్ కనిపిస్తున్నారు. వెనక పూణే కుర్రాడొకడు, అర నిమిషం దూరంలో. జయంత్ ముందు చక్రం ఒక్కసారి వంకర తిరిగింది. కాలు కింద పెట్టాడు.

నా గుండె ఎగిరింది. అది రాయక తప్పదు. సంతోషంతో ఎగిరింది. ఇప్పుడు నెల్సన్ తొక్కుకుంటూ పోతే చాలు. ఇరవై రెండు సెకన్లు ఎంతసేపు? పసుపు చొక్కా, కొండ, మణెమ్మ గారి పళ్ళెంలో అన్నం.

"వెళ్ళు! వెళ్ళు!" అని అరిచాను. తాతాజీ గారు నా వంక చూశారు.

నెల్సన్ దిగాడు. తన ముందు చక్రం విప్పి జయంత్‌కి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి బిగించారు. వీపు మీద చెయ్యి వేసి తోసి, పరిగెత్తి, కొండ మీదికి సాగనంపాడు. అంతా ఒక నిమిషం లోపే. పూణే వాడు దాటి పోయాడు, జయంత్ వాడి వెనక పడ్డాడు. నెల్సన్ రోడ్డు పక్కన నిలబడిపోయాడు, మూతి విరిగిన సైకిల్ ఒక చేత్తో, గాలిపోయిన చక్రం ఇంకో చేత్తో. బస్సు కదిలి మేం చేరేసరికి ఆరు నిమిషాలు. ఒకరి తర్వాత ఒకరు పదిహేడు మంది దాటి పోయారు.

వేరే చక్రం నేనే వేశాను.

"ఎందుకిచ్చావు?"

"తోడు అంటే అదేగదండీ" అన్నాడు. ఎక్కి వెళ్ళిపోయాడు.

జయంత్ పూణే వాణ్ణి పట్టుకుని దాటాడట. పసుపు చొక్కా నిలబెట్టుకున్నాడు. వేదిక మీద ఏడ్చాడు, "ఇది నెల్సన్‌ది" అన్నాడు. జనం చప్పట్లు. నెల్సన్ పద్నాలుగోవాడు.

నా పాపమే నా ఇంటి వాడి చక్రం ఊడదీసింది. నాకు నా వాసనే పడడం లేదు.

మెర్సీకి ఫోన్ చేశాను. ఓడిపోయాడని మణెమ్మ గారికి చెప్పి అన్నం పెట్టమన్నాను. రెండు గంటల్లో లంక నుంచి తిరిగి చేసింది.

"తినదంట నాన్నా. ప్రభువు చూపించింది తప్పదు, ఇంకేదో మిగిలుంది, అప్పటిదాకా ఉంటానంటుంది."

ఫిబ్రవరి 18, సోమవారం

మధ్యాహ్నానికి ఏలూరు చేరాం. ఇంటికి వెళ్ళకుండా ఆటోలో గట్టు దాకా, అక్కణ్ణుంచి పడవ మీద లంకకి.

మణెమ్మ గారు చాప మీద పడుకుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు. ఆ చెయ్యి పట్టుకుంటే తడి గుడ్డలా ఉంది.

"ప్రభువు నాకేమీ చూపించలేదమ్మా. నేనే చెప్పాను" అన్నాను.

"దర్శనమొచ్చిందన్నారుగా?"

"రాలేదు. అంతకు ముందు రోజు పేపర్లో పసుపు చొక్కా బొమ్మ చూశాను."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అయితే ఆరు రోజుల్నించి నేనెవరి మాట మీద పస్తున్నానండీ?"

అన్నం తెప్పిస్తానన్నాను.

"ఉండండి. ఆ మాట మైకులో చెప్పారు. ఇదీ మైకులోనే చెప్పండి. నా చెవిలో చెప్పిపోతే తినను."

"రేపు కూటం పెడతానమ్మా. ముందు రెండు ముద్దలు..."

"రేపటిదాకా నేనుండాలి గదండీ."

ఐదింటికి మైకు పెట్టించాను. ఊరంతా వచ్చారు. నులక మంచం మీద ఆవిణ్ణి తెచ్చి ముందు కూర్చోబెట్టారు. నేను మొదలుపెట్టాను: బలహీన ఘడియలో సాతాను నన్ను శోధించగా...

"ఆణ్ణెందుకండీ మధ్యలో పిలుస్తారు? మీరు చెప్పండి" అన్నారు మణెమ్మ గారు.

చెప్పాను. కల రాలేదు, దర్శనం లేదు, ప్రభువు పంపకుండానే పరిగెత్తిన ప్రవక్తల్లో నేనొకణ్ణి అని. ఎవరైనా రాయి తీస్తే బాగుండుననిపించింది. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచి, "ఎంత తగ్గింపు మన అయ్యగారికి! ఎవరు చెప్పుకుంటారండీ ఇలాగ!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఒకామె వచ్చి కాళ్ళకి దండం పెట్టింది.

ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. అదీ అసహ్యం.

మణెమ్మ గారు చప్పట్లు కొట్టలేదు. పలచగా కలిపిన మజ్జిగన్నం తిన్నారు, నెమ్మదిగా, నా వంక చూడకుండా. టైరు సంగతి నేను చెప్పలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు గదా.

ఫిబ్రవరి 19, మంగళవారం. వట్లూరు

సంబంధం ఉంది.

నెల్సన్ షాపుకి వచ్చాడు. ఆ గాలిపోయిన చక్రం బల్ల మీద పెట్టాడు. గ్రీజు డబ్బా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

"కొండ మీద చేతిలోకి తీసుకున్నప్పుడే చూశాను మావయ్యా. ఈ కోత అప్పుడు పడింది కాదు. అంచులకి ముందు రోజు బురద ఎండిపోయి ఉంది. మీ కంటికి ఆనని కోత ఈ జిల్లాలో ఉందా?"

"ఎవరితోనన్నా అన్నావా?"

"ఎవరితో అననండీ? తాతాజీ గారితో అంటే మీ పేరు పోతుంది. మెర్సీతో అంటే దానికి నాన్న పోతాడు."

"నీ కోసమే..."

"నా కోసం కాదండీ" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "అది ఎక్కేటప్పుడు పేలింది గాబట్టి ఇద్దరం ఇలా మాట్లాడుకుంటున్నాం. ఆ పొద్దున పాడేరు ఘాటు దిగాం. గంటకి డెబ్బై. ఒక పక్క లోయ. వాడి వెనక నేను, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. అప్పుడు పేలుంటే వాడి మీద నుంచి నేను వెళ్ళేవాణ్ణి. ముందు వాడు, తర్వాత నేను."

ఆ దిగుడు నాకు తట్టనే లేదు. ప్రభువు చిత్తం అని రాసుకున్న పొద్దున ఎక్కడమే చూశాను, దిగడం చూడలేదు. ముప్పై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసినవాణ్ణి. మెర్సీ ఇంటి ముందు జనం, శవపెట్టె. జయంత్ ఇంటి ముందు పాడె. ఇది మాత్రం నాకిప్పుడు ఎవరూ చూపించకుండానే కనిపిస్తోంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. వాడు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. చేతికి ఇవ్వలేదు.

"జయంత్ రేపు ఇంటి దగ్గరే ఉంటాడండీ. నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"నేనే చెబుతాను."

"వాళ్ళ నాన్నగారు కేసు పెట్టినా పెడతారు."

"పెట్టనీ."

"నేను బస్టాండు దాకా వస్తాను. లోపలికి మాత్రం రాను" అన్నాడు. వెళ్ళిపోయాడు. చక్రం బల్ల మీదే ఉంది.

పొద్దున్నే మొదటి బస్సుకి తాడేపల్లిగూడెం. చెప్పేది ముందు రాసుకోవడం నా అలవాటు. మూడు పేజీలు రాశాను. పాపం ఒప్పుకున్న దావీదు వచ్చాడు, ప్రభువుని ఎరగనన్న పేతురు వచ్చాడు, కోడి కూడా కూసింది. చదువుకుంటే నాకే కన్నీళ్ళొచ్చేంత బాగుంది. చింపేశాను. గ్రంథం ఇంట్లోనే ఉంచి వెళ్తాను. అది చేతిలో ఉంటే నేను మాట్లాడను, అది మాట్లాడుతుంది.

మిగిలింది ఒక్కటే వాక్యం.

జయంత్ బాబూ, నీ టైరు కోత చూసి కూడా వదిలేశాను.